స్ట్రేంజ్ పార్టికల్స్: ఢీకొట్టక ముందు లేవు.. ఢీకొట్టాక ఎలా వచ్చాయి? సైంటిస్టులకు షాకిచ్చిన ప్రొటాన్లు!

రెండు సీసం కేంద్రకాలను దాదాపు కాంతి వేగంతో ఢీకొట్టిస్తే ఏమవుతుంది? ముక్కలైపోతాయి అనుకుంటాం. కానీ అసలు సంగతి వేరే ఉంది. అప్పటిదాకా లేని కొత్త కణాలు వేల సంఖ్యలో పుట్టుకొస్తాయి. వాటిలో కొన్నింటి పేరే 'స్ట్రేంజ్', అంటే వింత కణాలు.

ఏంటీ వింత?

ప్రొటాన్లు, న్యూట్రాన్లు ప్రధానంగా అప్, డౌన్ అనే క్వార్క్‌లతో తయారవుతాయి. స్ట్రేంజ్ క్వార్క్ వాటికంటే బరువైనది. ఇది ఉన్న కణాలను 1947లో మాంచెస్టర్‌లో రోచెస్టర్, బట్లర్ తొలిసారి గుర్తించారు. ఇవి లెక్క ప్రకారం ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ సేపు బతుకుతున్నాయి. అందుకే ఆ పేరు. ఎక్కువ సేపంటే.. కొన్నింటి విషయంలో సెకనులో వెయ్యి కోట్లవ వంతు, అంతే!

ఎలా పుడతాయి?

ఢీకొన్నప్పటి శక్తే పదార్థంగా మారుతుంది. స్ట్రేంజ్, యాంటీ స్ట్రేంజ్ క్వార్క్‌లు ఎప్పుడూ జంటగానే పుడతాయి. ఆ క్షణంలో సూర్యుడి కేంద్రం కంటే లక్ష రెట్లకు పైగా వేడి పుట్టి, ప్రొటాన్లు, న్యూట్రాన్లు కరిగి 'సూప్'లా మారతాయి. దీన్నే క్వార్క్ గ్లూవాన్ ప్లాస్మా అంటారు. బిగ్ బ్యాంగ్ జరిగిన తొలి మైక్రోసెకన్లలో విశ్వమంతా ఇలాగే ఉండేదని సైంటిస్టుల మాట.

ఈ సూప్‌లో స్ట్రేంజ్ క్వార్క్‌లు తేలిగ్గా పుడతాయని 1982లో రాఫెల్‌స్కీ, ముల్లర్ చెప్పారు. అంటే వింత కణాలు పెరిగితే సూప్ తయారైనట్టే లెక్క. జెనీవా దగ్గరున్న సెర్న్‌లో సీసంతో చేసిన ప్రయోగాల్లో అదే కనిపించింది. మూడు స్ట్రేంజ్ క్వార్క్‌లున్న ఒమేగా కణాలు అన్నిటికంటే ఎక్కువగా పెరిగాయి.

ఇక్కడే ట్విస్ట్!

ప్రొటాన్లు చాలా చిన్నవి, వాటిని ఢీకొట్టిస్తే సూప్ రాదని అనుకునేవారు. కానీ 2017లో సెర్న్‌లోని ఆలిస్ ప్రయోగం షాకిచ్చింది. ఒక ప్రొటాన్ ఢీలో ఎంత ఎక్కువ కణాలు పుడితే, అందులో వింత కణాల వాటా అంత పెరుగుతోందని తేలింది. కోల్‌కతాలోని వీఈసీసీ, సాహా ఇన్‌స్టిట్యూట్ సైంటిస్టులు కూడా ఆలిస్‌లో భాగమే.

మరి ప్రొటాన్లలోనూ సూప్ చుక్క పుడుతోందా? లేక వింత కణాలు పెరగడానికి వేరే కారణం ఉందా? రెండోదే నిజమైతే, సూప్‌కు గుర్తుగా నమ్ముకున్న సాక్ష్యాన్నే మళ్లీ పరీక్షించాలి. ప్రొటాన్‌కు, 208 కణాలున్న సీసానికి మధ్యలో 16 కణాల ఆక్సిజన్ ఉంది. 2025 జులైలో సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీలో తొలిసారి ఆక్సిజన్ కేంద్రకాలను ఢీకొట్టించారు. ఎంత చిన్న ఢీకి సూప్ మొదలవుతుందో తేల్చడానికి ఆ డేటా కీలకం కానుంది.