ఫోన్ గుంజుకుంటే వేధింపులు ఆగయి, పిల్ల చెప్పుడు ఆగుతది

తొమ్మిదో తరగతి పిల్ల మొఖం క్లాస్ వాట్సాప్ గ్రూప్‌ల స్టిక్కర్ అయితది. దోస్తు పుట్టినరోజు నాడు అందరూ కలిసి దిగిన ఫొటోల నుంచి ఆమె మొఖం ఒక్కటి కత్తిరించి, కింద ఓ పాడు మాట రాసి పెడ్తరు. పొద్దుమీకేసరికి పక్క ఊరి పోరగాళ్ల ఫోన్లల్ల కూడా అదే స్టిక్కర్. తెల్లారి ఆ పిల్ల 'కడుపు నొస్తుంది, బడికి పోను' అంటది. నాలుగు రోజులకు ఇంట్ల సంగతి తెలుస్తది. అప్పుడు నాయిన చేసే మొదటి పని ఫోన్ గుంజుకునుడు. రెండోది, 'నీ ఫొటో వాళ్లకెట్ల పోయింది?' అని అడుగుడు. కోపం ఇంకా ఎక్కువైతే చదువు బంద్, సంబంధాలు చూసుడు షురూ.

స్టిక్కర్ చేసినోని ఫోన్ మాత్రం వాని చేతులనే ఉంటది.

సైబర్ వేధింపులు అని పేపర్లల్ల రాసేది మన ఊర్లల్ల ఎక్కువగ గిట్లనే నడుస్తది. ఎవలి పేరు మీదనో ఫేక్ ఇన్‌స్టా ఐడీ, 'కన్ఫెషన్' పేజీల పాడు రాతలు, రంగు మీద, లావు మీద, కులం మీద మీమ్స్. ఆడపిల్లలే కాదు, నత్తి ఉన్న పిల్లగాని మాటలు రికార్డ్ చేసి రీల్ చేసేటోళ్లు కూడా ఉన్నరు. ఎనుకట బడి గోడ మీద బొగ్గుతోని రాసేటోళ్లు, సున్నమేస్తే పోయేది. ఇప్పుడు అది ఇంటిదాకా, మంచం దాకా వస్తది. పట్నంల అయితే బడి మారుస్తరేమో. ఊర్ల ఎటు పోతరు? అదే బస్సు, అదే వాడకట్టు, అవే మొఖాలు.

అందుకే ఇంట్ల చేయాల్సిన మొదటి పని ఒక్కటే. చెప్పిన పిల్లకు శిక్ష పడొద్దు. ఫోన్ పోతది, తిట్లు పడ్తయి, బడి బంద్ అయితది అని తెలిస్తే ఏ పిల్లా నోరు తెరవది. ఆ భయమే ఏడిపించేటోనికి బలం. 'మీ నాయినకు చెప్తా' అని వాడే బెదిరిస్తడు. నాయినకు ముందే తెలిసి, పిల్ల పక్కన నిలబడితే ఆ బెదిరింపుల పస ఉండదు.

అమ్మా నాయినలకు ఇన్‌స్టా అంటే ఏందో తెల్వకపోవచ్చు. ఇంట్ల తెలిసింది అన్నలకు, అక్కలకు, అంటే ఇది చదివే మీకు. చెల్లె వచ్చి చెప్తే ఫస్ట్ 'మంచిగ చెప్పినవ్ బిడ్డా' అనాలె. వెంటనే వాణ్ని కొట్టనీకి బండి తియ్యొద్దు, లొల్లి పెద్దగైతే మాటలు పడేది మళ్లా చెల్లెనే. మెసేజ్‌లు, ఐడీ పేరు, గ్రూప్ పేరు, తారీఖు, టైం కనపడేటట్టు స్క్రీన్‌షాట్లు తియ్యాలె. కోపంల అన్నీ డిలీట్ కొడ్తే రేపు చూపియ్యనీకి ఏం మిగలది. గ్రూప్ అడ్మిన్ ఎవలు పెట్టిన మెసేజ్‌నైనా అందరి ఫోన్ల నుంచి తీసెయ్యొచ్చు, స్క్రీన్‌షాట్ తీసినంక ఆయనను అడగాలె. ఇన్‌స్టాల బ్లాక్ చేస్తే వాడు ఇంకా రెచ్చిపోతడని భయముంటే 'రిస్ట్రిక్ట్' అనే ఆప్షన్ ఉంది. వాని కామెంట్లు వానికి తప్ప ఎవలకూ కనపడయి, సంగతి వానికి తెల్వది.

ఒక్క విషయంల జాగ్రత్త. మైనర్ పిల్ల నగ్న ఫొటో గానీ, మార్ఫింగ్ చేసిన అసొంటి ఫొటో గానీ అయితే, సాక్ష్యం అనుకుంట కూడా ఎవలకూ పంపొద్దు. 2019ల పోక్సో చట్టాన్ని సవరించినంక, కంప్యూటర్‌తోని తయారుచేసినవి, మార్చినవి కూడా దాని కిందికే వస్తయి. అసొంటివి రిపోర్ట్ చెయ్యకుంట ఫోన్‌ల దాచుకునుడు కూడా నేరమేనని 2024 సెప్టెంబర్‌ల సుప్రీంకోర్టు చెప్పింది. 'నేను చెయ్యలే, ఫార్వర్డే చేసిన' అనేటోళ్లు ఇది మంచిగ చదవాలె. ఐడీ, లింకు, టైం కాగితం మీద రాసుకొని, ఫోన్ పట్టుకొని పోలీస్ స్టేషన్‌కు పోవాలె. 18 ఏండ్ల లోపల దిగిన ఫొటోల కోసం 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సర్వీస్ ఉంది. ఫొటో మన ఫోన్ దాటది, దాని డిజిటల్ వేలిముద్ర లాంటి నంబర్ మాత్రమే పోతది. దాంతోని ఫేస్‌బుక్, ఇన్‌స్టా, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలు ఆ ఫొటోను గుర్తుపట్టి తీసేస్తయి. వాట్సాప్ చాట్‌ల తిరిగేదాన్ని మాత్రం అది ఆపలేదు.

స్టేషన్ అంటే భయమైతే నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌ల ఆడోళ్ల, పిల్లల మీద జరిగే అసొంటి నేరాల గురించి పేరు చెప్పకుంటనే ఫిర్యాదు చెయ్యొచ్చు. పిల్లల కోసం 1098 ఉంది, అర్జెంట్ అయితే 112. మన దగ్గర 2014 నుంచి షీ టీమ్స్ కూడా ఉన్నయి.

ఇగ బడి. చానా బళ్లల్ల రెండే మందులు. 'ఫోన్ల లొల్లి బయట చూసుకోండి, మాకు సంబంధం లేదు' అనుడు, లేకుంటే ప్రేయర్‌ల ఇద్దర్నీ నిలబెట్టి తిట్టుడు. మొదటిది తప్పించుకునుడు. స్టిక్కర్ తయారైంది ఇంట్లనే కావచ్చు, నవ్వేది మాత్రం క్లాస్‌ల. రెండోది ఇంకా పాడు, స్టిక్కర్ చూడనోళ్లు కూడా ఆ పూట వెతుక్కొని చూస్తరు. బడి పరువు పోతదని లోపల్నే సదిరేసే హెడ్మాస్టర్లకు ఒక మాట. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పాలని పోక్సో 19వ సెక్షన్ అంటది. చెప్పకుంటే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది.

బడిల ఒక టీచరమ్మనో, సారునో పిల్లలే నమ్మి ఎంచుకునేటట్టు ఉండాలె. ఫిర్యాదు ఒంటరిగ వినాలె. ఎవలు చెప్పిన్రో బయటికి రావొద్దు. పిల్లను క్లాస్ మార్చుడు, బెంచీ మార్చుడు తప్పేం చెయ్యనామెకు శిక్ష, మార్చాల్సి వస్తే రెండో పిల్లగాన్ని మార్చాలె. 2024ల సర్కారు బళ్లల్ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టిన్రు. అక్కడ బాత్రూంలు, కరెంట్ పనుల ముచ్చటే ఎక్కువ. ఒక్క మీటింగ్‌ల ఈ ముచ్చట కూడా పెడ్తే తల్లులకే ఎక్కువ సమజైతది.

ఏడిపించినోడు కూడా పిల్లగాడే, ఇది మర్చిపోవద్దు. 18 ఏండ్ల లోపల ఉంటే వాని కేసును జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తది. దాని పని జైల్ల వేసుడు కాదు, దారిల పెట్టుడు. ప్రతి ఎటకారం స్టేషన్ దాకా పోవాల్సిన పని లేదు. వాడు ఎవలెవలికి పంపిండో వాళ్లందర్నీ అడిగి వాడే తీయించాలె, వాని అమ్మా నాయిన ముంగట ఒప్పుకోవాలె. ఎందుకు చేసిండో కూడా ఒకలు కూసొని అడగాలె. చానాసార్లు నిరుడు వాణ్ని ఇంకోడు ఏడిపించి ఉంటడు. వీడియో వైరల్ చేసి వానికి బుద్ధి చెప్తమనేటోళ్లు చేసేది కూడా అదే పని.

పిల్ల అన్నం తినకుంటే, రాత్రిళ్లు నిద్ర లేకుంటే, 'నేను లేకుంటే మంచిగుండు' లాంటి మాట అంటే స్క్రీన్‌షాట్లు, కంప్లైంట్లు అన్నీ తర్వాత. ఒంటరిగ వదలొద్దు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగుల మాట్లాడ్తరు, ఎప్పుడైనా ఎత్తుతరు, పైసలు పడయి. ఆ నంబర్ ఇయ్యాల్నే ఇంట్ల క్యాలెండర్ మీద రాసిపెట్టుండ్రి, గ్యాస్ నంబర్ పక్కకు.