అర మిల్లీమీటరు సందు కోసం

బ్రిటన్‌లో దొరికే మామూలు రైలు బొమ్మను ఎదురుగా నిలబెట్టి చూడండి. ఒళ్లు దిట్టంగా ఉంటుంది గానీ కాళ్లు దగ్గరికి ముడుచుకున్నట్టు ఉంటాయి. ఇంజనుది అసలులో 76వ వంతు కొలత, పట్టాల మధ్య దూరానిది 87వ వంతు. 18.83 మిల్లీమీటర్లు ఉండాల్సిన గేజి 16.5 దగ్గరే ఆగిపోయింది. అసలు రైలు లెక్కలో చూస్తే అది 18 సెంటీమీటర్ల లోటు.

ఇది 1920ల నాటి సర్దుబాటు. 1922లో బాసెట్-లోక్ సంస్థ అమ్మిన బింగ్ వారి బల్లమీది రైలుకు 16.5 గేజి ఉండేది. బ్రిటిష్ ఇంజన్లు ఐరోపా ఇంజన్లకన్నా సన్నం కావడంతో ఆనాటి మోటార్లు వాటిలో పట్టేవి కావు. దాంతో పట్టాల జోలికి పోకుండా ఇంజన్ల ఒళ్లు పెంచారు. 1938లో హార్న్‌బీ డబ్లో కూడా అదే దారి పట్టింది, ఇక అది స్థిరపడిపోయింది.

నచ్చనివాళ్లు గేజిని 18కి, తర్వాత 18.2కి జరిపారు. కానీ అసలు మలుపు 1966లో వచ్చింది. మోడల్ రైల్వే స్టడీ గ్రూప్ ‘ప్రోటోఫోర్’ కొలతలు ప్రకటించింది. పట్టాలను ఎడంగా వేసినంత మాత్రాన పని కాదని, చక్రాన్నీ పట్టాలోని సందునూ కలిపి లెక్కగట్టాలని వాళ్లు పట్టుకున్నారు.

చిక్కంతా రైలు దారి మారే పాయింట్ల దగ్గరే. ఒక పట్టా ఇంకో పట్టాను దాటే చోట (క్రాసింగ్) చక్రానికి లోపలివైపు ఉండే అంచు, అంటే ఫ్లాంజి, దూరిపోవడానికి సందు వదలాలి. అసలు రైల్లో అది 44 మిల్లీమీటర్లు. నమూనాలో 0.58 రావాలి, బొమ్మల్లో మాత్రం 1.25 దాకా ఉంటుంది. అంత సందులో సన్నని చక్రం దిగబడి టక్కుమంటుంది. దిగబడకూడదంటే చక్రం మందంగా ఉండాలి, మందపు చక్రం ఇంజను కింద ఇమడాలంటే గేజి ఇరుకుగా ఉండాలి. ఒక అబద్ధం రెండోదాన్ని కాపాడుతూ వస్తుందన్నమాట.

ప్రోటోఫోర్ లెక్క చూడండి. గేజి 18.83, సందు 0.68. తీసేస్తే 18.15. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం గరిష్ఠంగా 17.75. దానికి ఒక ఫ్లాంజి మందం 0.4 కలిపితే మళ్లీ 18.15! క్రాసింగ్‌కు ఎదుటి పట్టా పక్కన వేసే కాపలా పట్టా, అంటే చెక్ రైలు, ఒక చక్రాన్ని వీపు పట్టి లాగితే, అవతలి చక్రం క్రాసింగ్ ముక్కును (పట్టాలు కలిసే మొనను) గుద్దకుండా దాటిపోతుంది. ఇరుసు మీద చక్రం 0.1 బయటికి జరిగినా ఆ ముక్కుకు తగలక తప్పదు. సందును 0.58 దగ్గర పట్టుపట్టకుండా 0.68కి వదలడంలోనే నాకు వాళ్ల తెలివి కనిపిస్తుంది. చేతిపని తప్పులు 76వ వంతుకు తగ్గవు కదా.

బరువు సంగతి ఇంకా విచిత్రం. అది 76 ఘనం (76×76×76) చొప్పున తగ్గుతుంది. 35 టన్నుల ప్రయాణికుల పెట్టె నమూనాలో 80 గ్రాములు కూడా తూగదు. ఫ్లాంజి లోతేమో 0.4 లోపు. బిగుసుకున్న చట్రం కింద పట్టా కాస్త మెలితిరిగితే నాలుగింట ఒక చక్రం గాల్లో తేలుతుంది, పెట్టె పట్టాలు తప్పుతుంది. అందుకే ఒక ఇరుసును ఊగేలా వదులుతారు, లేదా సన్నని తీగ స్ప్రింగులు పెడతారు.

బయటి సిలిండర్ల ఆవిరి ఇంజన్లలో ఇంకో తలనొప్పి. గేజి పెరిగి చక్రాలు బయటికి జరిగాక, ముందు చక్రానికి కడ్డీని తగిలించే క్రాంకుపిన్ను మీది నట్టు, పిస్టన్ కడ్డీ చివరన జారే క్రాస్‌హెడ్ వెనక తగులుతుంది. నట్టును రేకంత పలచగా అరగదీసి, చక్రాలను కలిపే కడ్డీలోకి దించి బిగించాల్సిందే.

మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, ఇదే స్కేలులో 22. చక్రాల లోపలి దూరం 1600, అంటే 21. మన రైలును సరైన కొలతల్లో చేయాలనుకునేవారికి బ్రిటిష్ ఇరుసులు, స్లీపర్లు పొట్టివైపోతాయి. సందు మాత్రం మారదు: క్రాసింగ్ దగ్గర మన చెక్ రైలుకు వదిలేదీ 44 నుంచి 48 మిల్లీమీటర్లే.