జాబితా ఎవరు వేశారో అడగాలి: మార్విన్ గే ఆల్బమ్ చెప్పే కథ

అమెరికా సంగీత పత్రిక 'రోలింగ్ స్టోన్' 2020లో ఎప్పటికీ గొప్పవైన 500 ఆల్బమ్‌ల జాబితాను కొత్తగా వేసింది. అందులో మొదటి స్థానం నల్లజాతి సోల్ గాయకుడు మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్'ది. అది 1971 మేలో విడుదలైంది. ఇదే పత్రిక 2003లో వేసిన జాబితాలో దానికి దక్కింది ఆరో స్థానం. పదిహేడేళ్లలో ఆ పాటల్లో ఒక్క స్వరం కూడా మారలేదు. మరి ఏం మారింది?

ప్రేమ పాటలే పాడాలి

నల్లజాతి చర్చి పాటల నుంచి, రిథమ్ అండ్ బ్లూస్ నుంచి పుట్టిన సంగీతం సోల్. డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ అనే నల్లజాతి వ్యాపారి 1959లో పెట్టిన మోటౌన్ కంపెనీ దాన్ని తెల్లవాళ్ల ఇళ్లలోకీ తీసుకెళ్లింది. అందుకు తగ్గట్టే అక్కడ ప్రేమ పాటలకు పెద్దపీట వేశారు. తెల్ల శ్రోతలు దూరమవుతారనే భయంతో రాజకీయాలను పక్కన పెట్టారు. మార్విన్ ఆ కంపెనీలో పెద్ద స్టార్.

కానీ అదే డెట్రాయిట్‌లో 1967లో పోలీసు దాడితో మొదలైన తిరుగుబాటులో 43 మంది చనిపోయారు. మార్విన్ తమ్ముడు ఫ్రాంకీ వియత్నాం యుద్ధంలో తాను చూసిన ఘోరాలను అన్నకు చెప్పుకున్నాడు. ఫోర్ టాప్స్ బృందంలోని ఓబీ బెన్సన్ 1969లో బర్క్లీలో నిరసనకారులను పోలీసులు కొట్టడం చూసి ఒక పాట మొదలుపెట్టాడు. నిరసన పాట మాకొద్దని అతని సొంత బృందమే అంది. చివరికి అది మార్విన్ చేతికొచ్చి పూర్తయింది.

గోర్డీకి ఆ పాట నచ్చలేదు. దాన్ని విడుదల చేసేదాకా మరో పాట పాడనని మార్విన్ పట్టుబట్టాడు. 1971 జనవరిలో పాట బయటికొచ్చింది. నల్లజాతి శ్రోతల చార్టులో మొదటి స్థానానికి, దేశవ్యాప్త చార్టులో రెండో స్థానానికి చేరింది. అప్పుడు కంపెనీయే ఆల్బమ్ కావాలని తొందరపెట్టింది.

అట్ట మీద పేర్లు

యుద్ధం నుంచి ఇంటికొచ్చిన ఒక సైనికుడు తన ఊరిని చూస్తున్నట్టుగా తొమ్మిది పాటలు ఒకదానిలోంచి ఒకటి సాగుతాయి. నిరుద్యోగం, మత్తుమందులు, పన్నుల భారం, విషమైపోతున్న గాలీ నీరూ అన్నీ అందులో ఉన్నాయి. గొంతులో మాత్రం కోపం కంటే బతిమాలడం, ప్రార్థన ఎక్కువ.

ఇంకో విషయం మనం గమనించాలి. మోటౌన్ హిట్లలో చాలావాటికి వాయించిన ఫంక్ బ్రదర్స్ వాద్యకారుల పేర్లు అంతవరకు ఆ కంపెనీ ఆల్బమ్‌ల మీద ఉండేవి కావు. ఈ ఆల్బమ్ అట్ట మీద తొలిసారి వచ్చాయి. డప్పు మోత కావాలి గానీ కొట్టినవాడి పేరు అక్కర్లేదనే లోకం మనకు కొత్త కాదు.

తీర్పు చెప్పింది ఎవరు?

జనం వెంటనే ఆదరించారు. ఇందులోని మూడు పాటలు దేశవ్యాప్త టాప్ 10లోకి వెళ్లాయి. గ్రామీ పురస్కారాల్లో మాత్రం ఆ ఏడాది మేటి ఆల్బమ్ పోటీకి ఇది నామినేట్ కూడా కాలేదు. మార్విన్‌కు తొలి గ్రామీ 1983లో, వేరే పాటకు వచ్చింది. మరుసటి ఏడాదే, 1984లో, ఆయన చనిపోయాడు.

రోలింగ్ స్టోన్ 2003 జాబితాలో తెల్లవాళ్ల రాక్ సంగీతానిదే రాజ్యం. 2020లో పత్రిక పాత జాబితాను సవరించకుండా, మూడు వందల మందికి పైగా కళాకారులు, విమర్శకులు, నిర్మాతలతో కొత్తగా ఓట్లు వేయించింది. ఓటర్లలో వేర్వేరు తరాలు, వేర్వేరు సంగీతాల వాళ్లు పెరిగారు. మారింది పాట కాదు, తీర్పు చెప్పేవాళ్లు.

1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ తమ పేరును అమెరికా బ్లాక్ పాంథర్ల నుంచి తీసుకున్నారు. ఆ బంధుత్వంతోనే ఈ కథను మనం చదువుకోవాలి. మన పాటను 'నినాదమే గానీ కళ కాదు' అని తీసిపారేసినవాళ్లు తక్కువేం కాదు. పాటకవి గోరటి వెంకన్నకు 2021 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చేనాటికి ఆయన పాటలు ఊరూరా ఎన్నో ఏళ్లుగా జనం నోళ్లలో ఉన్నాయి.

కాబట్టి ఏ అవార్డు ప్రకటించినా, ఏ 'ఉత్తమ' జాబితా వచ్చినా, అందులో మనవాళ్లు ఎందరని లెక్కపెట్టి ఊరుకోవద్దు. ఎంపిక చేసిన కమిటీలో ఎవరు కూర్చున్నారో కూడా అడుగుదాం.