బడిలో బృందాలు: రహస్య సంఘాల నుంచి హౌస్‌ల దాకా

భిలాయ్ ఉక్కు నగరంలో ఉదయం బడి గంట మోగగానే పిల్లలు ప్రార్థన కోసం బారులు తీరతారు. దేశంలోని అనేక పాఠశాలల్లో మాదిరిగానే ఇక్కడి పిల్లలకూ తరగతితో పాటు మరో గుర్తింపు ఉంటుంది. దాని పేరు హౌస్. ఒక్కో హౌస్‌కు ఒక పేరు, ఒక రంగు, ఒక కెప్టెన్, బాధ్యత వహించే ఒక ఉపాధ్యాయుడు ఉంటారు. ఆటల పోటీలు, వక్తృత్వం, వార్షికోత్సవం, మైదానం శుభ్రత వంటివన్నీ హౌస్‌ల వారీగానే సాగుతాయి. ఏ హౌస్‌లో చేరాలో పిల్లలు కోరుకోరు. హౌస్‌లోని పెద్ద పిల్లలు కొత్తవారిని ఎంచుకోవడమూ ఉండదు. హాజరుపట్టీ చూసి ఉపాధ్యాయులే కేటాయిస్తారు.

చూడటానికి ఇది చిన్న ఏర్పాటు. కానీ విద్యార్థుల బృందంలో ఎవరు ఉండాలో ఎవరు నిర్ణయించాలన్న ఈ ఒక్క ప్రశ్న మీదనే అమెరికాలో శాసనసభలు చట్టాలు చేశాయి, న్యాయస్థానాలు తీర్పులిచ్చాయి. అక్కడి ఉన్నత పాఠశాలల్లో వెలసిన ఫ్రెటర్నిటీలు, అంటే బాలుర సోదర సంఘాలు, సోరోరిటీలు, అంటే బాలికల సంఘాలు ఆ వివాదానికి కేంద్రం. ఆ చరిత్ర తెలిస్తే మన బడుల్లోని హౌస్ పద్ధతి విలువతో పాటు, దానిలో పొంచి ఉన్న ప్రమాదమూ స్పష్టమవుతుంది.

గ్రీకు అక్షరాల సంఘాలు

అమెరికాలో ఈ సంప్రదాయం కళాశాలల్లో పుట్టింది. వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో 1776 డిసెంబరు 5న ఏర్పడిన ఫై బీటా కప్పా, గ్రీకు అక్షరాలను పేరుగా పెట్టుకున్న తొలి విద్యార్థి సంఘం. అది చర్చలు, సాహిత్యం కోసం ఏర్పడింది. రహస్య ప్రమాణం, సభ్యులు మాత్రమే గుర్తుపట్టే కరచాలనం, ప్రత్యేక చిహ్నం దానితోనే మొదలయ్యాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ నమూనా కళాశాలలన్నింటా విస్తరించింది. 1867 నుంచి విద్యార్థినులు కూడా తమకంటూ ఇలాంటి సంఘాలను ఏర్పరచుకున్నారు.

అన్నలు, అక్కలు కళాశాలలో చేసినది బడిలోని తమ్ముళ్లు, చెల్లెళ్లు అనుకరించారు. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాక్‌పోర్ట్ నార్మల్ స్కూల్‌లో 1869లో మొదలైన గామా సిగ్మా ఇలాంటి సంఘాల్లో తొలితరానికి చెందినది. శతాబ్దం ముగిసే నాటికి అనేక నగరాల ఉన్నత పాఠశాలల్లో ఇవి వేళ్లూనుకున్నాయి. అమెరికాలో ఉన్నత పాఠశాల విద్య సామాన్యుల పిల్లలకు వేగంగా అందుబాటులోకి వస్తున్న కాలమది. వలస వచ్చిన కార్మికుల పిల్లలూ, సంపన్నుల పిల్లలూ ఒకే గదిలో కూర్చోవడం మొదలైంది. సరిగ్గా ఆ సమయంలో కొందరు విద్యార్థులు అదే బడిలో తమకు నచ్చినవారితో మరో చిన్న వలయాన్ని గీసుకున్నారు.

సభ్యత్వానికి దరఖాస్తు ఉండదు, ఆహ్వానం మాత్రమే ఉంటుంది. ఉన్న సభ్యులు రహస్యంగా ఓటు వేసి కొత్తవారిని ఎంచుకుంటారు. కుటుంబ హోదా, దుస్తులు, మతం, జాతి వంటివి చెప్పకుండానే కొలమానాలయ్యేవి. ఎంపికైనవారు చేరేముందు ‘హేజింగ్’ అనే పరీక్షకు లోబడాలి. మన దగ్గర ర్యాగింగ్ అనే దానికి ఇది దగ్గరి బంధువు. ఎంపిక కానివారికి ఆ అవమానం అందరి ఎదుటా మిగిలేది.

నిషేధాలు, తీర్పులు

ఉపాధ్యాయ లోకం దీన్ని ముందుగా గుర్తించింది. అమెరికా జాతీయ విద్యా సంఘం 1905లో ఉన్నత పాఠశాలల్లోని రహస్య సంఘాలను వ్యతిరేకించింది. మరుసటి ఏడాది సియాటెల్ నగర పాఠశాలల బోర్డు విధించిన ఆంక్షలను వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు సమర్థించింది. సంఘంలో కొనసాగే విద్యార్థిని తరగతి గది నుంచి గెంటివేయకుండా, ఆటల జట్లు, ఇతర గౌరవాలకు మాత్రమే దూరం పెట్టే పద్ధతి అది. ఇండియానా 1907లో, కాలిఫోర్నియా 1909లో చట్టం ద్వారానే ఈ సంఘాలను నిషేధించాయి. తరువాతి కాలంలో మరిన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి.

తల్లిదండ్రుల్లో కొందరు ఈ నిషేధాలను ప్రశ్నించారు. బడి వేళలు ముగిశాక పిల్లలు ఎవరితో కలవాలన్నది ఇంటి విషయమని వారి వాదన. ఈ వాదనకు వివరమైన సమాధానం 1966లో వచ్చింది. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో మనానా క్లబ్ అనే బాలికల సంఘం తనకు గ్రీకు పేరు లేదని, సాహిత్యం, దాతృత్వం, ప్రజాస్వామ్యం తన ఆశయాలని పేర్కొంటూ కోర్టుకు వెళ్లింది. అప్పీలు న్యాయస్థానం ఆశయాలను కాదు, సభ్యత్వ విధానాన్ని చూసింది. అర్హులైన వారందరికీ తలుపు తెరవకుండా, ఉన్న సభ్యులే కొత్తవారిని ఏరుకునే సంఘాన్ని ప్రభుత్వ పాఠశాలలో నిషేధించే అధికారం బోర్డుకు ఉందని తేల్చింది.

కళాశాలల్లో మాత్రం ఈ సంఘాలు బలంగానే కొనసాగుతున్నాయి. 1998లో టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్ ప్రాంగణంలో దక్షిణాసియా విద్యార్థుల కోసం డెల్టా ఎప్సిలాన్ సై అనే ఫ్రెటర్నిటీ, కప్పా ఫై గామా అనే సోరోరిటీ ఏర్పడ్డాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ పేర్లు కొత్త కావు. హేజింగ్ వివరాలను విద్యాసంస్థలు బహిరంగపరచాలని నిర్దేశించే సమాఖ్య చట్టం 2024 డిసెంబరులో ఆమోదం పొందింది. అది ఉన్నత విద్యాసంస్థలకు వర్తిస్తుంది.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన హౌస్

భారతదేశంలోని బడులకు అమెరికా ఫ్రెటర్నిటీ రాలేదు. ఇంగ్లండ్ వసతి పాఠశాలల హౌస్ వచ్చింది. అక్కడ హౌస్ అంటే మొదట అక్షరాలా ఇల్లే. దూరప్రాంతాల పిల్లలు నివసించే వసతి గృహాలే హౌస్‌లయ్యాయి. రగ్బీ పాఠశాలకు 1828 నుంచి 1842 వరకు ప్రధానాచార్యుడిగా ఉన్న థామస్ ఆర్నాల్డ్, పై తరగతి విద్యార్థులకు క్రమశిక్షణ బాధ్యతలు అప్పగించే పద్ధతిని పటిష్ఠం చేశారు. అదే వ్యవస్థలో చిన్నవారు పెద్దవారి బూట్లు తుడవడం, పనులు చేసిపెట్టడం అనే ఆచారమూ ఉండేది. నాయకత్వ శిక్షణ, పెత్తనం రెండూ ఒకే చెట్టుకు కాశాయి.

బ్రిటిష్ పాలకులు సంస్థానాధీశుల కుమారుల కోసం నెలకొల్పిన కళాశాలల ద్వారా ఈ పద్ధతి మన దేశానికి చేరింది. అజ్మీర్‌లో 1875లో స్థాపించిన మేయో కాలేజీలో సంస్థానాల వారీగా వసతి గృహాలు వెలిశాయి. భిలాయ్‌కి పొరుగునే ఉన్న రాయ్‌పూర్‌లోని రాజ్‌కుమార్ కాలేజీ 1882లో జబల్‌పూర్‌లో మొదలై, 1894లో రాయ్‌పూర్‌కు తరలివచ్చింది. హైదరాబాద్‌లో జాగీర్దారుల పిల్లల కోసం 1923లో వెలసిన జాగీర్దార్ కాలేజీ, జాగీర్ల రద్దు తరువాత 1951లో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌గా మారింది. పుట్టుక ఆధారంగా మొదలైన విద్యాలయాలు క్రమంగా ఇతరులకూ ద్వారాలు తెరిచాయి.

తెలుగునాట సోదర భావానికి మరో రూపం కూడా ఉంది. అవి సామాజిక వర్గాల పేరిట వెలసిన వసతి గృహాలు. రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో హైదరాబాద్‌లో ప్రారంభమైన రెడ్డి హాస్టల్ వీటిలో ప్రసిద్ధమైనది. సురవరం ప్రతాపరెడ్డి దాని నిర్వహణ బాధ్యతలు చూశారు. ఉర్దూ మాధ్యమంలో చదువు సాగే నిజాం రాజ్యంలో, పల్లెల నుంచి వచ్చిన తెలుగు పిల్లలకు తలదాచుకునే చోటు దొరకడం ఆనాడు సామాన్య విషయం కాదు. ఆ గృహాలు ఎందరికో చదువుకు దారి చూపాయి. అదే సమయంలో, కులం పేరిట ఏర్పడిన నీడ ఆ పేరు లేనివారికి ఎంతమేరకు అందుతుందన్న ప్రశ్ననూ మిగిల్చాయి.

ఉక్కు నగరంలో కలగలుపు

ఈ నేపథ్యంలో భిలాయ్ ప్రత్యేకత గమనించదగినది. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య కుదిరిన ఒప్పందంతో ఇక్కడ ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల వారితో పాటు ఉత్తరాంధ్ర, ఒడిశా, బెంగాల్, బిహార్, కేరళ, తమిళనాడు, పంజాబ్ ప్రాంతాల నుంచి కార్మికులు, ఇంజినీర్లు తరలివచ్చారు. సెక్టార్లుగా విభజించిన నగరంలో కర్మాగార యాజమాన్యమే బడులు నడిపింది.

పెద్దలు తమ తమ భాషల పేరిట సంఘాలు ఏర్పరచుకున్నారు. ఆలయాలు కట్టుకున్నారు, పండుగలు నిలుపుకున్నారు. సొంత ఊరికి దూరమైన వారికి అది సహజమైన అవసరం. పిల్లలు బడిలో అడుగుపెట్టగానే మాత్రం లెక్క మారుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు, ఛత్తీస్‌గఢీ మాట్లాడే పిల్లవాడు, మలయాళం మాట్లాడే అమ్మాయి ఒకే హౌస్‌లో పడవచ్చు. జనరల్ మేనేజర్ బిడ్డకూ, ఫర్నేస్ దగ్గర పనిచేసే కార్మికుడి బిడ్డకూ ఒకే రంగు చొక్కా దక్కవచ్చు. హౌస్ గెలిస్తే అందరూ కలిసి గెలిచినట్టే.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వ రంగంలో వెలసిన విద్యాసంస్థలు ఈ కలగలుపును ఉద్దేశపూర్వకంగానే పెంచాయి. 1986 జాతీయ విద్యా విధానం కింద విస్తరించిన జవహర్ నవోదయ విద్యాలయాల్లో హౌస్‌లకు ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే పర్వతాల పేర్లు పెట్టారు. అనేక కేంద్రీయ విద్యాలయాల్లో శివాజీ, టాగూర్, అశోక, రామన్ పేర్లు కనిపిస్తాయి. రాజవంశం, కులం, భాషల స్థానంలో అందరికీ చెందిన పేర్లు నిలిచాయి.

హౌస్ వెనుక నీడ

అయితే కేటాయింపు న్యాయంగా ఉన్నంత మాత్రాన లోపల జరిగేదంతా న్యాయంగా ఉంటుందని చెప్పలేము. పెద్ద తరగతి విద్యార్థికి చిన్నవారిపై అధికారం ఇచ్చినప్పుడు, దానిపై ఉపాధ్యాయుల కన్ను లేకపోతే, అది పెత్తనంగా మారడానికి ఎంతోకాలం పట్టదు. వసతి పాఠశాలల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ‘మేమూ పడ్డాం, మీరూ పడండి’ అనే మాట ఏటేటా కింది తరగతికి వారసత్వంగా దిగుతుంది. ‘బయట చెప్పకు’ అనే మాట దానికి తోడవుతుంది. హౌస్ పేరు అలాగే ఉన్నా, ఆ క్షణం నుంచి అది రహస్య సంఘంగా మారినట్టే.

ర్యాగింగ్‌పై మన దేశంలో చట్టాలున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. విద్యార్థికి అవమానం, భయం, గాయం కలిగించే చర్యలను అది నేరంగా పరిగణించి, తీవ్రతను బట్టి శిక్షను పెంచింది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, 2001లో, విద్యాసంస్థల్లో వేధింపులను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అదే ఏడాది మే నెలలో విశ్వ జాగృతి మిషన్ కేసులో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలు జారీ చేసింది. ఆర్.కె. రాఘవన్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2009లో కఠిన నిబంధనలు అమలులోకి తెచ్చింది. కళాశాలలో చేరే విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ హామీపత్రం ఇవ్వడం ఆ నిబంధనల ఫలితమే.

యూజీసీ నిబంధనల పరిధి ఉన్నత విద్యకే పరిమితం. పన్నెండో తరగతి లోపు పిల్లలకు అవి వర్తించవు. సీబీఎస్ఈ 2015లో తన అనుబంధ పాఠశాలలకు బెదిరింపులు, ర్యాగింగ్ నివారణపై మార్గదర్శకాలు పంపింది. ఉపాధ్యాయులు, కౌన్సెలర్, తల్లిదండ్రుల ప్రతినిధి తదితరులతో కమిటీ ఏర్పాటు చేయాలని సూచించింది. అది కాగితంపై ఉందా, పనిచేస్తోందా అన్నది ఒక్కో బడిని బట్టి మారుతుంది. తమ పిల్లల బడిలో ఆ కమిటీలో ఎవరున్నారో, హాస్టల్ అయితే రాత్రివేళ ఏ ఉపాధ్యాయుడు బాధ్యత వహిస్తారో అడిగి తెలుసుకునే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ఆపదలో ఉన్న పిల్లలు గానీ, వారి తరఫున పెద్దలు గానీ 1098 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కళాశాల విద్యార్థులకు ర్యాగింగ్ నిరోధక సహాయ నంబరు 1800-180-5522.

పన్నెండు, పదిహేనేళ్ల వయసులో ఏదో ఒక బృందానికి చెందాలనే కోరిక పిల్లలందరికీ ఉంటుంది. బడి ఆ చోటు చూపకపోతే పిల్లలే చూసుకుంటారు. అమెరికా ఉన్నత పాఠశాలల్లో జరిగింది అదే. ఏ బృందాన్నయినా బేరీజు వేయడానికి పెద్దలు మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ఇందులో అందరికీ చోటుందా? ఇక్కడ జరిగేది ఇంట్లో చెప్పగలరా? చిన్నవాడు కాదంటే పెద్దవాడు ఆగుతాడా? మూడింటికీ అవునని జవాబు వచ్చే హౌస్‌లో పిల్లలు నిశ్చింతగా ఎదుగుతారు. ఒక్కదానికి కాదని వచ్చినా, తల్లిదండ్రులు ఆ రోజే బడి గుమ్మం ఎక్కడం మంచిది.