మీకు తెలుసా? చేల కింద గుహలు

బెలుం గుహలకు కొండ లేదు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, చదునైన పొలాల అడుగున 3,229 మీటర్ల పొడవున ఇవి అల్లుకుని ఉన్నాయి. పైన కనిపించేవల్లా బావుల్లాంటి గోతులే. వాటిలో ఒకదాని గుండానే లోపలికి మెట్లు.

నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించి ఈ దారులు తొలిచింది. ఆ కరిగిన సున్నమే చుక్క చుక్కగా దిగి, పైకప్పు నుంచి రాతి ఊడలుగా పేరుకుంది. కోటిలింగాల గదిలో తలెత్తి చూడండి, లింగాల ఆకారంలో వందలకొద్దీ వేలాడుతుంటాయి. సప్తస్వరాల గుహలోనైతే ఆ ఊడలను కర్రతోనో వేలి కణుపుతోనో తడితే ఖంగున మోగుతాయి. (అంగుళం పెరగడానికే తరాలు పట్టే రాళ్లవి. దయచేసి గట్టిగా కొట్టొద్దు, విరచొద్దు.)

అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, ప్రవేశద్వారానికి 46 మీటర్ల దిగువన. అక్కడ ఏడాది పొడవునా సన్నటి నీటిపాయ పారుతూ వచ్చి, రాళ్ల సందుల్లోకి ఇంకిపోతుంది.