బద్ధశత్రువులు కలిసి చేసిన పని

రాజనీతి అన్న మాటలో నీతి ఉన్నది గాని, రాజ్యాల నడవడిలో వెతికితే అది దొరకదని లోకులంటారు. పండితులు కూడా చాలామంది ఆ పక్షమే. సరిహద్దు పంచుకున్నవాడు సహజశత్రువనీ, వాని ఆవలివాడు మిత్రుడనీ కౌటిల్యుడు లెక్క కట్టాడు. అంతర్జాతీయ రాజకీయమంటే అధికారం కోసం పెనుగులాటేనని హాన్స్ మోర్గెంథా 1948లో వ్రాశాడు. ఊళ్లో తగవు వస్తే కోర్టు ఉన్నది. దేశాల తగవు తీర్చి, తీర్పు అమలు జరిపే పెద్ద యెవరున్నారు? కనుక యెవరి జాగ్రత్త వారిదేనని వీరి వాదం. కాదు, దేశాలు ధర్మానికి కట్టుబడి శాంతి కోసం ఒక సమాఖ్యగా కూడవచ్చునని 1795లోనే కాంట్ అన్నాడు.

యెవరిది ఒప్పు? జరిగిన కథ ఒకటి చూద్దాం.

మన ఇళ్లలో పెద్దవారు మశూచి పేరెత్తక 'అమ్మవారు' అనేవారు. తీవ్రమైన రకం సోకితే నూటికి ముప్ఫైమంది దాకా పోయేవారు. బ్రతికినవారికి ముఖాన మచ్చలు. కొందరికి కళ్లే పోయేవి. 1967లో కూడా లోకంలో కోటిమందికి పైగా దీని వాతబడ్డారని అంచనా.

1958లో ప్రపంచ ఆరోగ్య మహాసభ అమెరికాలోని మినియాపొలిస్‌లో జరిగింది. సోవియట్ ఆరోగ్య ఉపమంత్రి విక్తర్ జ్దానొవ్ లేచి, మశూచిని భూమిమీద లేకుండా చేద్దామన్నాడు. టీకా కనిపెట్టిన జెన్నర్‌కు అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ వ్రాసిన లేఖను ఆ సభలో ఉదహరించాడు. ప్రత్యర్థి ఇంటికి వెళ్లి వారి తాతగారిని మెచ్చుకోవడం మంచి రాయబారమే కదా!

1962లో క్యూబా క్షిపణుల తగాదాతో రెండు దేశాలూ యుద్ధం అంచుదాకా వెళ్లాయి. అయినా యీ పని ఆగలేదు. 1967లో ముమ్మరమైన ఉద్యమానికి నాయకుడు అమెరికన్ వైద్యుడు హెండర్సన్. టీకామందులో పెద్ద వాటా సోవియట్ దేశపు దానం. 1975 మే తరువాత మన దేశంలో మశూచి కనిపించలేదు. 1977 అక్టోబరులో సోమాలియాలో ఒక ఆసుపత్రి వంటవాడు సహజంగా ఆ జబ్బు సోకిన చివరి మనిషి. 1980 మే 8న మశూచి నశించిందని మహాసభ ప్రకటించింది.

ఇందులో స్వార్థం లేదా? ఉన్నది. పొరుగూళ్లో మశూచి ఉన్నంతకాలం మన ఊరికీ భయమే. కాని ఉత్త స్వార్థమే అయితే ఫలితం వేరుగా ఉండేది. రాజుగారి గంగాళంలో అందరూ పాలు పోస్తారులే అని యెవరికి వారు చెంబెడు నీళ్లు పోసి వచ్చిన కథ మనకు తెలిసినదే. ఇక్కడ పాలు పోసినవారున్నారు. పోసినవి పాలో నీళ్లో చూచినవారూ ఉన్నారు: అంతర్జాతీయ సంఘాలు దేశదేశాలూ తిరిగి పరీక్షించిన పిమ్మటనే ఆ ప్రకటన వెలువడింది. గమ్యం చూపింది నీతి, నడిపించింది ప్రయోజనం, నమ్మకం నిలిపింది తనిఖీ.

అంతమాత్రాన కౌటిల్యుడు ఓడిపోలేదు. మశూచి క్రిమి నేటికీ రెండుచోట్ల భద్రంగా ఉన్నది: అమెరికాలో అట్లాంటాలో, రష్యాలో కోల్త్సోవోలో. నాశనం చేయాలన్న చర్చ యేండ్ల తరబడి వాయిదా పడుతూనే ఉన్నది. జబ్బును చంపడానికి కలిసిన చేతులు చివరి సీసాను పారేయడానికి ఇంకా కలవలేదు. దేశాల మధ్య నీతి లేదనడం యెంత తప్పో, ఒకసారి గెలిచింది గనుక ఇక దానంతటదే నిలుస్తుందనుకోవడమూ అంతే తప్పు.