పొదుగువాపు: టీకా వచ్చులోపల మన చేతిలోని రక్ష

అల్లూరు ప్రాంతపు రైతునకు వరి పిదప నాదరువు పాడియే. పంటసొమ్ము కోతలకాలమున వచ్చును. పాలసొమ్ము దినదినము ఇల్లు గడుపును. అట్టి పాడికి గొప్ప శత్రువు పొదుగువాపు. ఒకమారు చెడిన చన్ను, వ్యాధి కుదిరినను, మునుపటివలె పాలీయకపోవచ్చును.

ఈ వ్యాధిని గలిగించు సూక్ష్మజీవులు పెక్కు. వానిలో స్ట్రెప్టోకోకస్ జాతివి ముఖ్యములు. సూక్ష్మదర్శినిలో నివి పూసలదండవలె గానవచ్చును. ఇందు అగలాక్టియే యనునది పొదుగులోననే నివసించి, పితుకువారి చేతులద్వారా నొక పసరమునుండి మఱియొకదానికి ప్రాకును. ఉబెరిస్ యనునది పేడ, బురద, తడిసిన గడ్డినుండి వచ్చును. కావున అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు, ఈశాన్యపు వానలకు మన కొట్టములు బురదయైనపుడు, మిక్కిలి జాగ్రత్త వలయును.

పాలధారతో కొట్టుకొనిపోక యీ క్రిమి పొదుగులో నెట్లు నిలుచును? ఉత్తరేణి గింజ ముండ్లతో పంచె నంటుకొనుట మన మెఱుగుదుము. క్రిమికిని పైపొరపై నట్టి మాంసకృత్తులు గలవు. ఉబెరిస్ మీది మాంసకృత్తు ఒకటి, పాలలో సహజముగా నుండు లాక్టోఫెర్రిన్‌ను పట్టుకొని, దాని యూతతో పొదుగుకణముల నంటుకొనును. ఆ మాంసకృత్తునే టీకాగా వేసినచో, దేహమున ప్రతిరక్షకములు పుట్టి, క్రిమి నంటుకొననీయవని శాస్త్రజ్ఞుల యాశ. అమెరికాలోని టెన్నెస్సీ విశ్వవిద్యాలయమువారి ప్రయోగశాలలో నట్టి ప్రతిరక్షకములు క్రిమి యంటుకొనుటను తగ్గించినవి.

అయినను ప్రయోగశాలలో ఫలించినది పొదుగులో ఫలించుట సులభము గాదు. క్రిమిలో రకములు పెక్కు. పాలలో ప్రతిరక్షకములు పలుచన. మనుష్యుల గొంతునొప్పిని గలిగించు స్ట్రెప్టోకోకస్ పైని ‘ఎం’ మాంసకృత్తును రెబెక్కా లాన్స్‌ఫీల్డ్ 1928లోనే వెల్లడించెను. దానిలో రెండువందలకు పైగా రకము లుండుటచే నేటికిని దానికి టీకా వాడుకలోనికి రాలేదు. పశువులకు 2018లో ఐరోపా సమితి యూబాక్ అను టీకా ననుమతించెను. అందలి ముఖ్యద్రవ్యము క్రిమి యొక్క లైపోటైకోయిక్ ఆమ్లమే కాని మాంసకృత్తు గాదు. అదియు ఉబెరిస్ వలని వ్యాధిని తగ్గించునే కాని సమూలముగా మాన్పదు.

కావున నేటి రక్ష మన చేతిలోనిదే. పితుకుటకు ముందు చేతులను, చన్నులను కడిగి, పొడిగుడ్డతో తుడువవలెను. మొదటిధారలను నల్లగుడ్డపై పిండి, తునకలున్నవేమో చూడవలెను. వ్యాధిగల పసరమును కడపట పితుకవలెను. పితికినవెంటనే చన్నులను పశువైద్యుడు చెప్పిన అయొడిన్ మందులో ముంచి, పసరమునకు మేత వేయవలెను. చన్నురంధ్రము మూసికొనుటకు పట్టు అరగంటసేపు అది పండుకొనక నిలిచియుండును. వైద్యుడు చెప్పిన మందును నడుమ మానరాదు.

మందు వాడిన పసరము పాలను, వైద్యుడు చెప్పిన గడువు తీరువఱకు, సంఘమునకు పోయరాదు. మందు కలసిన పాలు సరిగా తోడుకొనవు, త్రాగువారికిని హాని. ఒకరి చెంబెడు పాలచే నందఱి పాలును చెడును. ఒకరి జాగ్రత్తయే యందఱి లాభమను సహకారసూత్రము పసులకొట్టమునందే యారంభము కావలెను.